మదర్‌బోర్డు మార్చకండి, ముందు పాత పార్టులు పెట్టి చూడండి

ప్రశ్న: నేను జగిత్యాల దగ్గర పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు ఎడిట్ చేస్తుంటాను. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, రెండు 8 జీబీ ర్యామ్‌లు, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డుతో నా డెస్క్‌టాప్ నాలుగేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. 4కే వీడియోలకు స్పీడ్ చాలక పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు తీసుకున్నాను. ఇంకో రెండు 8 జీబీ ర్యామ్‌లు కూడా వేయించాను, అవి వేరే కంపెనీవి. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పాతదే. దానికి 8 పిన్ వైరు లేకపోతే షాపులో కన్వర్టర్ పెట్టి బిగించారు. యూపీఎస్ 600 వీఏ. అప్పటి నుంచి వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే సగంలో టక్కున ఆగిపోతోంది. ఒక్కోసారి ఆగే ముందు యూపీఎస్ అరుస్తుంది. మామూలుగా ఫొటోషాప్‌లోనో, బ్రౌజర్‌లోనో ఉన్నప్పుడు బ్లూ స్క్రీన్ వస్తోంది. అందులో మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటుంది. షాపువాళ్లు విండోస్ ఫార్మాట్ కొట్టారు, లాభం లేదు. ఇప్పుడేమో బోర్డు పాతది, ఆర్‌టీఎక్స్ కార్డుకు సెట్ కాదు, మదర్‌బోర్డూ ప్రాసెసరూ మార్చాలంటున్నారు. ముహూర్తాల సీజన్, డెలివరీలు ఆగిపోయాయి. చాలా టెన్షన్‌గా ఉంది అన్నా. పాత కార్డు ఇంకా నా దగ్గరే ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: మెషిన్ సంగతి చెప్పే ముందు ఒక్క మాట. కొత్త ర్యామ్‌లు వేసిన రోజు నుంచి మీరు కాపీ చేసుకున్న ఫుటేజీ ఏయే కెమెరా కార్డుల్లో ఉందో, ఆ కార్డులను ఇప్పట్లో ఫార్మాట్ చేయకండి. పక్కన పెట్టేయండి. అవసరమైతే రెండు కొత్త కార్డులు కొనుక్కోండి. కార్డు నుంచి డిస్క్‌కు వెళ్లే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే వెళుతుంది. ర్యామ్ తప్పుగా పని చేస్తుంటే కాపీ పూర్తయినట్టే చూపిస్తుంది, ఎర్రర్ కూడా రాదు, కానీ ఫైలు లోపల ఎక్కడో చెడిపోయి ఉంటుంది. అది తలంబ్రాలు పోసే క్లిప్ అయితే మళ్లీ ఎక్కడి నుంచి తెస్తాం? మెషిన్ బాగయ్యాక ఆ ఫుటేజీ మొత్తం మరోసారి కాపీ చేసుకుని, దాన్నే వాడండి.

ఇక మీ సమస్య. మీరూ షాపువాళ్లూ కలిసి దీన్ని ఒకే జబ్బు అనుకుంటున్నారు. మీ ఉత్తరం చదివితే నాకు రెండు కనిపిస్తున్నాయి. ఎక్స్‌పోర్ట్ మధ్యలో టక్కున ఆగిపోవడం కరెంటుకు సంబంధించింది. ఫొటోషాప్‌లో వచ్చే బ్లూ స్క్రీన్ ర్యామ్‌కు సంబంధించింది. రెండు పార్టులూ ఒకే రోజు వేయించారు కాబట్టి రెండు గొడవలూ ఒకే రోజు మొదలయ్యాయి, అంతే.

ఇది నా ఊహ కాదని మీరే చూసుకోవచ్చు. విండోస్ మీటా, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ఈవెంట్‌వీడబ్ల్యూఆర్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. ఈవెంట్ వ్యూయర్ తెరుచుకుంటుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్ 41 అనే వరసలు కనిపిస్తాయి. చాలామంది ఆ 41 చూడగానే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తేల్చేస్తారు. దాని అర్థం అది కాదు. పోయినసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయింది అని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. అసలు కబురు లోపల ఉంటుంది. ఆ వరస మీద క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్లండి. బగ్‌చెక్‌కోడ్ అని ఒక గడి ఉంటుంది. అందులో 0 ఉంటే విండోస్‌కు బ్లూ స్క్రీన్ వేసేంత వ్యవధి కూడా దొరకలేదన్నమాట. కరెంటు తెగిపోయి ఉండాలి, లేదా మొత్తం బిగుసుకుపోతే మీరే స్విచ్ నొక్కి ఆపి ఉండాలి. 26 ఉంటే అది మెమరీ మేనేజ్‌మెంట్ బ్లూ స్క్రీన్. 10, 80 కూడా చాలాసార్లు ర్యామ్ తేడా వల్లే వస్తాయి, కొన్నిసార్లు డ్రైవర్ వల్ల కూడా. మీ లాగ్‌లో ఎక్స్‌పోర్ట్ సమయాలకు ఎదురుగా 0, మిగతా సమయాలకు ఎదురుగా 26 ఉంటాయని నా అంచనా. ఫార్మాట్ కొట్టినప్పుడు పాత లాగ్ పోయి ఉంటుంది. ఆ తర్వాతివి ఉంటే చాలు. తేదీ, టైము, ఆ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు కరెంటు లెక్క చూద్దాం. ఇది కాస్త నిదానంగా చదవండి, మీ డబ్బు మిగిలేది ఇక్కడే.

మీ పాత 1050 టీఐ 75 వాట్ల కార్డు. ఆ కరెంటంతా మదర్‌బోర్డు స్లాట్ నుంచే తీసుకుంటుంది, అందుకే దానికి విడిగా వైరు పెట్టాల్సిన అవసరం రాలేదు. 3060 కార్డు 170 వాట్లది. స్లాట్ ఇచ్చేది మహా అయితే 75, మిగతాది పక్కనుంచి వచ్చే 8 పిన్ వైరు ఇవ్వాలి. మీ ప్రాసెసర్‌ను 65 వాట్లదని చెబుతారు గానీ ఫుల్ లోడ్ మీద 88 వాట్ల దాకా తీసుకుంటుంది. బోర్డు, డిస్కులు, ర్యామ్‌లు, ఫ్యాన్లకు ఇంకో 50 వేసుకుందాం. అంతా కలిపితే 308. ఇది ఎస్‌ఎంపీఎస్ లోపల ఇవ్వాల్సింది. మామూలు ఎస్‌ఎంపీఎస్ తాను తీసుకున్న కరెంటులో నూటికి 80 వంతులే లోపలికి ఇస్తుందనుకుంటే, బయట నుంచి 385 వాట్లు లాగుతుంది. మానిటర్‌కు 30 కలపండి, 415.

మీ యూపీఎస్ 600 వీఏ. వీఏ అంటే వాట్లు కాదు. ఈ సైజువి చాలావరకు 360 వాట్ల దగ్గర ఆగిపోతాయి. వెనక స్టిక్కర్ మీద వాట్లు విడిగా రాసి ఉంటాయి, చూడండి. పాత కార్డుతో ఇదే లెక్క కడితే 300 లోపే తేలుతుంది, అందుకే నాలుగేళ్లు కిక్కురుమనలేదు. బ్రౌజర్‌లో ఉన్నప్పుడు ఇందులో మూడో వంతు కూడా వాడదు కాబట్టి ఇప్పటికీ కిక్కురుమనదు. ఎక్స్‌పోర్ట్ పెట్టినప్పుడు ప్రాసెసరూ, కార్డూ రెండూ ఒక్కసారే ఎక్కువ కరెంటు అడుగుతాయి. అప్పుడు యూపీఎస్ ఓవర్‌లోడ్ అని అరిచి సప్లై ఆపేస్తుంది. మీరు ఉత్తరంలో మామూలుగా రాసేసిన ఆ అరుపే నాకు దొరికిన మొదటి ఆధారం.

ఆగిపోయినప్పుడు మానిటర్ ఏమైందో గుర్తు చేసుకోండి. సీపీయూతో పాటు మానిటర్ లైటు కూడా ఆరిపోయి, అదే యూపీఎస్‌కు పెట్టిన వైఫై రూటర్ కూడా ఆగిపోయిందా? అయితే తెగింది యూపీఎస్ దగ్గర. మానిటర్ వెలుగుతూ నో సిగ్నల్ అని చూపిస్తూ, సీపీయూ ఒక్కటే ఆగిందా? అయితే ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆపేసుకుంది. అలా ఆగినప్పుడు చాలాసార్లు పవర్ బటన్ నొక్కినా ఆన్ కాదు. వెనక స్విచ్ ఆపి, కాసేపు ఆగి మళ్లీ వేస్తేనే లేస్తుంది. మీ విషయంలో రెండూ జరుగుతున్నా నేను ఆశ్చర్యపోను.

ఎందుకంటే ఆ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద కూడా నాకు నమ్మకం లేదు. 8 పిన్ వైరే లేకుండా తయారు చేశారంటే, పెద్ద గ్రాఫిక్ కార్డు దానికి పెడతారని కంపెనీ అనుకోలేదనే కదా. పక్కనున్న స్టిక్కర్ చదవండి. పైన పెద్ద అక్షరాలతో ఉన్న 450 వదిలేయండి. ప్లస్ 12 వోల్ట్ అనే గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లు ఉంటే 216 వాట్లే. మీ కార్డు, ప్రాసెసర్ కలిపి 12 వోల్ట్ లైను మీదే 260 దాకా అడుగుతాయి. పైగా 170 వాట్లు అనేది నిలకడ లెక్క. ఈ తరం కార్డులు మిల్లీసెకన్ల పాటు అంతకు మించి ఒక్క గుంజు గుంజుతాయి. అందుకే ఎన్విడియా 3060కి 550 వాట్ల సప్లై ఉండాలని చెబుతుంది.

ఆ కన్వర్టర్‌ను ఈ రోజే తీసేయండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. దాని రెండో కొస ఎక్కడికి వెళ్లిందో చూడండి. హార్డ్ డిస్కులకు, ఫ్యాన్లకు పెట్టే తెల్లటి నాలుగు పిన్నుల కనెక్టర్లోకి వెళ్లి ఉంటుంది. ఆ కనెక్టర్లో ఒక పసుపు తీగ, ఒక ఎర్ర తీగ, రెండు నల్ల తీగలు ఉంటాయి. 12 వోల్టులు వచ్చేది పసుపు తీగ ఒక్కదాంట్లోనే. 8 పిన్ దారిలో 150 వాట్లు రావాలంటే 12.5 ఆంపియర్లు పారాలి. డిస్క్ కోసం వేసిన సన్నటి తీగ మీద అంత లోడు గంటల తరబడి పెడితే కనెక్టర్ వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. విప్పినప్పుడు పిన్నుల చుట్టూ తెలుపు పోయి పసుపో, గోధుమ రంగో తిరిగి ఉంటే, కాలిన వాసన ఉంటే, ఆ కొసను మళ్లీ దేనికీ వాడకండి. షాపువాళ్లు మీకు చెడు చేయాలని పెట్టి ఉండరు. కానీ 170 వాట్ల కార్డు చేతిలో పట్టుకుని ఈ కన్వర్టర్ పెట్టడం తప్పే. ఎస్‌ఎంపీఎస్ మార్చాలని ఆ రోజే చెప్పి ఉండాల్సింది.

ఇక బ్లూ స్క్రీన్. నాలుగు ర్యామ్‌ల మీదా 3200 అని రాసి ఉంటుంది, కాబట్టి నాలుగూ ఒకటే అనిపిస్తుంది. పైన రాసింది ఒకటే అయినా లోపలి చిప్పులు, టైమింగులు వేరు. కంపెనీవాళ్లు రెండేసి జతగా అమ్మేవాటిని జతగానే పరీక్షించి ఇస్తారు. వేరే కంపెనీ జతతో కలిపి ఎవరూ పరీక్షించరు. ఇంకో సంగతి కూడా ఉంది. మీ ప్రాసెసర్‌కు ఏఎండీ చెప్పిన లెక్క ప్రకారం, రెండు ర్యామ్‌లుంటే 3200 స్పీడు, నాలుగుంటే అంతకంటే తక్కువ. లోపలి చిప్పులన్నీ ఒకే జట్టుగా పని చేసే సింగిల్ ర్యాంక్ ర్యామ్‌లు నాలుగైతే 2933, రెండు జట్లుగా పని చేసే డ్యూయల్ ర్యాంక్ అయితే 2667. బయోస్‌లో, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, ర్యామ్‌ను దాని మీద రాసిన స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే మీ బోర్డు నాలుగింటినీ 3200 మీదే పరుగెత్తిస్తోంది. కొన్ని బోర్డుల్లో దాన్ని డీఓసీపీ అనో, ఏ-ఎక్స్‌ఎంపీ అనో అంటారు. కొందరికి అలా కూడా నడుస్తుంది. మీకు నడవడం లేదు.

షాపువాళ్లు చెప్పిన మదర్‌బోర్డు మాటకు వద్దాం. కార్డు పెట్టే స్లాట్‌కు పీసీఐఈ అనే ప్రమాణం ఉంటుంది. బీ450 స్లాట్ పీసీఐఈ 3.0, కార్డు 4.0. కొత్త కార్డు పాత స్లాట్‌లో పని చేసేలాగే ఆ ప్రమాణం రాసుకున్నారు. మీ పనిలో స్పీడు తేడా కూడా కనిపించేంత ఉండదు. బీ450 బోర్డు మీద 3060 పెట్టుకుని ఎంతోమంది పని చేసుకుంటున్నారు. నాలుగేళ్లు నడిచిన బోర్డు సరిగ్గా కార్డు మార్చిన రోజే పోవడం అసాధ్యమని అనను, కానీ అనుమానించాల్సిన వరసలో అది చిట్టచివర ఉంటుంది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఈ రాత్రి చేయాల్సింది ఇది. పవర్ ఆపి, వెనక ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను రెండు మూడుసార్లు నొక్కితే లోపల మిగిలిన ఛార్జ్ పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి పని మొదలుపెట్టండి. 3060 తీసేసి పాత 1050 టీఐ పెట్టండి. మీ 3600లో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేవు కాబట్టి ఏదో ఒక కార్డు ఉండాల్సిందే, పాతది అమ్మేయకుండా ఉంచుకోవడం మంచిదైంది. కొత్త ర్యామ్‌లు రెండూ తీసేయండి. పాతవి రెండూ ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. రెండు కొసలూ టక్ మని కూర్చునే దాకా నొక్కండి. చాలా బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది, రెండోవైపు సరిగ్గా దిగకపోయినా దిగినట్టే కనిపిస్తుంది. ర్యామ్ కాంటాక్టులను రబ్బరుతో గట్టిగా రుద్దడం మనవాళ్లకు అలవాటు, ఆ పొడి స్లాట్‌లోకి పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బట్టతో తుడిస్తే చాలు.

అలా పెట్టి మీరు నాలుగేళ్లు ఎలా పని చేశారో అలాగే రెండు రోజులు పని చేయండి. ఎక్స్‌పోర్ట్ నెమ్మదిగా అవుతుంది, అయినా పూర్తవుతుంది. అర్జెంట్ డెలివరీలు ఈ రెండు రోజుల్లో ఇచ్చేయండి. ఎక్కడా ఆగకపోతే మదర్‌బోర్డు, ప్రాసెసర్, పాత ర్యామ్, విండోస్ అన్నీ బాగున్నట్టే. ఆ ఒక్క పరీక్షతో షాపువాళ్ల సలహా పక్కకు పోతుంది. అందుకు మీకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాదు.

ఆ తర్వాత ర్యామ్‌లు. 3060 జోలికి వెళ్లకుండా, పాత కార్డుతోనే కొత్త జత వేయండి. పాత జత ఉన్న స్లాట్లు కదపకండి, కొత్త జతను మొదటి, మూడో స్లాట్లలో పెట్టండి. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేయండి. స్పీడు 2133కో 2400కో దిగుతుంది, దిగనివ్వండి. పెన్ డ్రైవ్‌లో ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ప్రోగ్రామ్ వేసుకుని, దాని నుంచి బూట్ చేసి, రాత్రంతా నడవనివ్వండి. 32 జీబీకి గంటలు పడుతుంది. విండోస్‌లో ఉండే మెమరీ పరీక్ష కొన్ని తప్పులను పట్టుకోలేదు, దాన్ని నమ్ముకోకండి. పొద్దున లేచేసరికి ఎర్రర్స్ ఎదురుగా సున్నా ఉండాలి. ఒకటి ఉన్నా ఫెయిలే. ఒకటే కదా, పర్లేదులే అని ఎవరు చెప్పినా వినకండి.

సున్నా వస్తే స్పీడును 2666కు, అదీ నిలిస్తే 2933కు పెంచి, ప్రతిసారీ మళ్లీ పరీక్ష పెట్టండి. ఎక్కడ ఎర్రర్ మొదలైతే దాని కింది మెట్టు దగ్గర ఆగండి. ఎడిటింగ్‌కు 32 జీబీ ఉండటం ముఖ్యం, 2666కు 3200కు మధ్య తేడా మీ పనిలో పెద్దగా తెలియదు. స్పీడు తగ్గించినా ఎర్రర్లు వస్తుంటే పాతవి తీసేసి, కొత్తవాటిని ఒక్కొక్కటిగా రెండో స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. ఏది చెడిపోయిందో తేలిపోతుంది. పేరున్న కంపెనీల ర్యామ్‌లకు చాలావాటికి లాంగ్ వారంటీ ఉంటుంది, బిల్లు తీసుకెళ్లి మార్పించుకోండి. ఒంటరిగా అన్నీ పాసై, నాలుగూ కలిస్తేనే ఫెయిలవుతుంటే వాటిని సర్దుబాటు చేయడానికి రాత్రిళ్లు పాడు చేసుకోకండి. నాలుగూ అమ్మేసి, 16 జీబీలు రెండున్న ఒక జత ప్యాక్ కొనుక్కోండి. నన్నడిగితే మొదటే అలా కొని ఉంటే బాగుండేది.

బయోస్ అప్‌డేట్ చేస్తే ర్యామ్ సర్దుకుంటుందని ఎవరైనా చెప్పవచ్చు. బీ450 బోర్డులకు తర్వాత వచ్చిన బయోస్‌లలో ర్యామ్ విషయంలో మెరుగులు వచ్చిన మాట నిజమే. కానీ క్రాష్ అవుతున్న మెషిన్‌లో బయోస్ అప్‌డేట్ పెట్టకూడదు. మధ్యలో ఆగిపోతే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది. పాత జత ర్యామ్, పాత కార్డు ఉన్నప్పుడు, యూపీఎస్ మీద మాత్రమే చేయండి.

చివరిది కార్డు. దీనికి ఖర్చు తప్పదు. 550 లేదా 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, కరెంటు తక్కువ వృథా చేస్తుందని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది, పేరున్న కంపెనీది తీసుకోండి. దాని బాక్స్‌లోనే కార్డుకు 8 పిన్‌గా పెట్టుకునే 6 ప్లస్ 2 పిన్ వైరు ఉందో లేదో కొనేముందు చూసుకోండి. వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ రకమైతే దానితో వచ్చినవే వాడాలి. వేరే కంపెనీ వైరు అదే సాకెట్‌లో పట్టినా లోపలి వరస వేరుగా ఉండి డిస్కులు, బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది. మదర్‌బోర్డు, ప్రాసెసర్ మార్చడానికి వాళ్లు చెప్పిన దాంట్లో ఇది కొంత భాగమే అవుతుంది.

కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో 3060 పెట్టాక, మొదటి ఎక్స్‌పోర్ట్‌ను యూపీఎస్ లేకుండా నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చేయండి. ఎర్తింగ్ ఉన్న సాకెట్ కావాలి. క్లయింట్ ప్రాజెక్ట్ కాకుండా ఏదైనా పాత టైమ్‌లైన్ కాపీ తీసుకోండి, కరెంటు పోయినా నష్టం ఉండదు. అది చివరిదాకా వెళ్లి, మళ్లీ యూపీఎస్ మీద పెడితే ఆగిపోతే యూపీఎస్ కూడా మార్చాలి. 1100 వీఏ రకాలు చాలావరకు 660 వాట్లు ఇస్తాయి. అయినా స్టిక్కర్ మీద వాట్లు చదివే కొనండి. ఆల్బమ్ ప్రూఫులు తీసే లేజర్ ప్రింటర్ ఉంటే దాన్ని మాత్రం యూపీఎస్‌కు పెట్టకండి.

కరెంటు సరిపోయాక కూడా స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంటే డ్రైవర్ సంగతి చూడాలి. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతది పూర్తిగా తీసేసి, ఎన్విడియా స్టూడియో డ్రైవర్ వేసుకోండి. ఎడిటింగ్ పనికి గేమ్‌ల కోసం ఇచ్చే గేమ్ రెడీ డ్రైవర్ కంటే అది మేలు. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి ఎక్స్‌పోర్ట్ సమయంలో వేడి కూడా చూడండి. 3060కి ఎన్విడియా పెట్టిన పైహద్దు 93 డిగ్రీలు, మీ ప్రాసెసర్‌కు 95. కార్డు 85 దాటుతోందంటే, సెకండ్ హ్యాండ్‌ది కాబట్టి ఫ్యాన్లలో దుమ్ము, లోపల చిప్ వేడిని బయటికి లాగే పేస్టు ఎండిపోవడం కారణం కావచ్చు. పాతదాని కంటే 95 వాట్ల వేడి ఇప్పుడు ఎక్కువగా క్యాబినెట్ లోపలే పుడుతోంది. మీ వైపు ఎండలకు గదే కాగుతుంటుంది కాబట్టి వెనకవైపు గాలి బయటికి తోసే ఫ్యాన్ ఒకటి తప్పక ఉండాలి.

పాత కార్డు, పాత ర్యామ్ పెట్టి చేసిన ఆ రెండు రోజుల్లో కూడా ఆగిపోతే మాత్రం నేను చెప్పిన వరస మారుతుంది. అప్పుడు పాత ఎస్‌ఎంపీఎస్ ఈ నెల రోజుల లోడుకు దెబ్బతిని ఉండవచ్చు, కాబట్టి ముందు వేరేవాళ్ల మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి అరువు తెచ్చి పెట్టి చూడండి. దానితోనూ ఆగితేనే బోర్డును అనుమానిద్దాం. ఆ పరిస్థితే వస్తే బగ్‌చెక్‌కోడ్ నంబర్లు, మెమ్‌టెస్ట్ స్క్రీన్ ఫొటో, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫొటో మూడూ కలిపి నాకు పంపండి.